సేంద్రియ సౌర ఘటాల పరిశోధనకు పాలిమర్లు మేలా, చిన్న అణువులు మేలా?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తరువాత సేంద్రియ సౌర ఘటాలపై (కార్బన్ ఆధారిత పదార్థాలతో వెలుతురును కరెంటుగా మార్చే ఘటాలపై) పరిశోధన చేయదలచానని, పాలిమర్లను (పొడవైన గొలుసు అణువులను) ఎంచుకోవాలా, చిన్న అణువులనా అని మీరు అడిగారు. వరంగల్‌లో ఇదే పనిలో ఉన్న పరిశోధక విద్యార్థిగా నా అభిప్రాయం చెబుతున్నాను: కొత్తగా మొదలుపెట్టేవారికి చిన్న అణువులే మేలు.

పాలిమర్‌ను ఎంత జాగ్రత్తగా తయారుచేసినా గొలుసుల పొడవు బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది. అప్పుడు ఘటం సామర్థ్యంలో కనిపించే తేడా మన రూపకల్పన వల్ల వచ్చిందో, బ్యాచ్ వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. చిన్న అణువుకు ఒకే నిర్మాణం, ఒకే అణుభారం ఉంటాయి కనుక, ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణాన్ని చూపే పరీక్ష), మాస్ స్పెక్ట్రమ్ (అణుభారాన్ని చూపేది) చూసి చేతిలో ఉన్నదేమిటో నిశ్చయంగా చెప్పవచ్చు.

ఈ రంగం చిన్న అణువులతోనే బలపడింది. 1986లో కోడాక్ సంస్థకు చెందిన చింగ్ టాంగ్ కాపర్ థాలోసయనిన్, పెరిలిన్ జాతి పదార్థం రెండు పొరలుగా వేసి దాదాపు 1 శాతం సామర్థ్యం సాధించారు. 2019లో వచ్చిన వై6 అనే అణువు దాన్ని 15.7 శాతానికి చేర్చింది. అయితే ఆ ఘటంలో వై6కు ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం పాలిమరే, కాబట్టి పాలిమర్లను చిన్నచూపు చూడనవసరం లేదు.

అసలు శ్రమంతా శుద్ధి దగ్గరే ఉంటుంది. ముదురు నీలి పదార్థం సిలికా కాలమ్‌లో (పదార్థాలను వేరుచేసే సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో) మెల్లగా దిగుతుంటే, రెండు చివరలా జరగాల్సిన చర్య ఒక చివర మాత్రమే జరిగిన అణువు దానిని అంటిపెట్టుకునే వస్తుంది. ఆ రెండూ కలిసిన భాగాన్ని దిగుబడి తగ్గుతుందని చూడకుండా పక్కన పెట్టి, టీఎల్‌సీ ప్లేటుపై (శుద్ధతను చూసే పలుచని సిలికా పలకపై) ఒకే మచ్చ చూపిన గొట్టాలలోని ద్రావణాలనే కలపాలి. కొద్దిపాటి మలినం మిగిలినా అది విద్యుదావేశాలను పట్టి ఉంచి కరెంటును తగ్గిస్తుంది.

ఇక ఫిల్మ్ (ఘటంలో వెలుతురును పీల్చే పలుచని పొర) సంగతి. ఇందులో ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం, తీసుకునే పదార్థం కలిసి ఉంటాయి. వెలుతురు తగిలి ఒకదానిలో పుట్టిన ఎగ్జిటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసిన జంట) సుమారు 10 నానోమీటర్లలోపు రెండో పదార్థాన్ని చేరకపోతే వృథా అవుతుంది. అందుకే రెండింటి మిశ్రమం ఎలా ఆరిందన్నది అణువు రూపకల్పన అంత ముఖ్యం. ద్రావణిగా వాడే క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మన దగ్గర ఏసీ లేని గదిలో స్పిన్ కోటింగ్ (ద్రావణాన్ని పలకపై వేసి వేగంగా తిప్పి పరచడం) చేస్తే ఫిల్మ్ జనవరిలో ఆరినట్టు ఆరదు. గది ఉష్ణోగ్రత, తేమ ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయడం నాకు ఎంతో ఉపయోగపడింది.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్‌లో గ్లవ్ బాక్స్ (గాలి, తేమ తగలకుండా పనిచేసే పెట్టె), సోలార్ సిమ్యులేటర్ (ఎండలాంటి వెలుతురు ఇచ్చే దీపం) ఉన్నాయేమో అడగండి. లేకపోతే అణువుల తయారీ, వర్ణపటాలు, సైక్లిక్ వోల్టామెట్రీ (అణువు ఎలక్ట్రాన్లను ఎంత తేలికగా ఇస్తుందో, తీసుకుంటుందో కొలిచే పరీక్ష) వరకు అక్కడ చేసుకుని, ఘటాల పరీక్షకు ఆ సదుపాయమున్న మరో ల్యాబ్‌తో కలిసి పనిచేసే ఏర్పాటును మొదట్లోనే మాట్లాడుకోండి.