తాళం వేసిన బీరువా ఫోటో చూసి ఎవరు వస్తారు?

ప్రశ్న: అయ్యా, శ్రీకాకుళం జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో పని చేస్తున్నాను. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరుస్తాం. పత్రికలు చదివే పెద్దలు, పోటీ పరీక్షల అభ్యర్థులు తప్ప కొత్తవారు రావడం లేదు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు ఊరివాళ్లను రప్పించాలని ఫోనుతో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. వాటిలో మూడు జతచేస్తున్నాను. మంచి కెమెరా కొనమంటారా?
– ఒక గ్రంథపాలకురాలు

జవాబు: కొనవద్దమ్మా. మీ చేతిలో ఉన్న ఫోను చాలు.

మూడు ఫోటోలూ చూశాను. ఒకదాంట్లో తాళం వేసిన బీరువాలు, వాటి అద్దాల మీద ట్యూబులైటు మెరుపు. ఇంకోదాంట్లో శాలువాలు కప్పించుకుంటున్న అతిథులు. మూడోది బయటి బోర్డు. విజయనగరంలో స్టూడియో నడిపిన రోజుల్లో శాలువా ఫోటోలే నాకు అన్నం పెట్టాయి కనుక చెబుతున్నాను: కప్పించుకున్నవారు తప్ప వాటిని మరెవరూ రెండోసారి చూడరు. మీ ఫోటోల్లో అన్నీ ఉన్నాయి, చదువుతున్న మనిషి మాత్రం లేడు.

రేపు ఉదయం లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఫోటోలు మసకగా రావడానికి సగం కారణం వేలిజిడ్డే. ఫ్లాష్ ఆపేయండి. నవంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు వాలిపోతుంది కాబట్టి ఉదయం పూటనే నమ్ముకోండి. చదువుతున్నవారి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. కిటికీ పక్కగా ఉండేలా మీరే జరగండి, వారిని జరపకండి. తెర మీద ముఖాన్ని తాకితే వెలుగు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. జూమ్ చేయకుండా రెండడుగులు ముందుకు వేయండి. పత్రిక చదివే పెద్దాయనతో మొదలుపెడితే మేలు. విప్పిన దినపత్రిక కిటికీ వెలుగును కింది నుంచి ఆయన ముఖం మీదికి పంపుతుంది. స్టూడియోలో ఈ పనికే మేము తెల్ల అట్టలు నిలబెట్టేవాళ్లం.

తరువాత మీ దగ్గర మాత్రమే దొరికేవి వెతకండి. శ్రీకాకుళంలో కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయానికి దూరం నుంచి వచ్చేవారు భవనం చూడటానికి రారు, పాత పత్రికల్లోని కథల కోసం వస్తారు. మీ బీరువాల్లో పాత వారపత్రికల బైండ్లు ఉంటే బయటికి తీయండి. పుస్తకం చివర అంటించిన గడువు తేదీల చీటీ మీద ముద్రల వరుస ఉంటుంది కదా, దాన్ని దగ్గరగా తీయండి. ఆ పుస్తకం ఎన్ని ఇళ్లు తిరిగిందో ఆ ఒక్క ఫోటో చెబుతుంది. లోపలి పేజీలకు పేజీలు మాత్రం ఫోటో తీసి పంచకండి, అది రచయిత హక్కుకు సంబంధించిన వ్యవహారం.

మనుషులను అడిగే తీయాలి. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. తీశాక చూపించండి, వద్దంటే వారి ఎదుటే చెరిపేయండి. ఫోటో అంచులు కూడా పరికించి చూడండి. మీ బీరువాల ఫోటోలో ఒక మూల సభ్యుల రిజిస్టరు తెరిచి ఉంది, ఫోను నంబర్లతో సహా! ముందు దాన్ని గ్రూపుల నుంచి తీసేయండి.

ఫోటోల దిద్దుబాటుకు ఫోనులో స్నాప్‌సీడ్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్లో అయితే గింప్. అసలు ఫోటోను విడిగా దాచి, నకలు మీదే పని చేయండి. వంగిన అరల గీతను తిన్నగా చేయండి, అనవసరమైన అంచులు కత్తిరించండి, నీడలను కాస్త తేలిక చేయండి, ట్యూబులైటు వల్ల నీలంగా మారిన గోడను మళ్లీ తెల్లబరచండి. ఇక ఆపేయాలి. ముఖాలు నున్నగా చేసే ఫిల్టర్లంటే నాకు ఒళ్లు మంట. పెచ్చులూడిన గోడ కనబడితే కనబడనివ్వండి. ఫోటో చూసి వచ్చినవారికి ఆ గదే కదా కనిపించాలి!

ఫోటో మీద తెలుగు రాసేటప్పుడు కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కకు జారతాయి. పంపే ముందు పెద్దది చేసి చదవండి. గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. మన రెండు జిల్లాలతో ముడిపడిన పేర్లు కనుక నాకు వాటి మీద పక్షపాతం. శీర్షికకు మాత్రం రామభద్ర ఫాంటు నిండుగా ఉంటుంది. గ్రంథాలయం వేళలు, చిరునామా రాస్తే చాలు. సూక్తులు వద్దు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పరిమాణం తగ్గిపోతుంది. అచ్చుకు ఇచ్చేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12×8 అంగుళాల ప్రింటుకు 3600×2400 పిక్సెళ్లు కావాలి. మీ 12 మెగాపిక్సెళ్ల ఫోను అది సులువుగా ఇస్తుంది, మరీ ఎక్కువ కత్తిరించకుంటే. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత కూడా అక్కర్లేదు. ఫ్లెక్సీ మీద అతిథుల బొమ్మలు వేయాలని ఎవరైనా పట్టుబడితే కింద చిన్నగా ఒక వరుస ఇవ్వండి. పైన మాత్రం పత్రిక చదివే ఆ పెద్దాయనే ఉండాలి.