నడుస్తున్న జీఆర్‌పీసీ సర్వీసులో మెసేజ్ మార్చాలంటే ప్రతిసారీ వి2 కావాలా? ఎర్రర్లు ఎక్కడ పెట్టాలి?

జీఆర్‌పీసీ (ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్ మీదుగా మరో ప్రోగ్రామ్‌లోని పనిని పిలిచే పద్ధతి) గురించి మీరు రెండు విషయాలు అడిగారు. నడుస్తున్న సర్వీసులో మెసేజ్ మార్చాల్సి వస్తే కొత్త వెర్షన్ (వి2) పెట్టాలా, ఉన్న ప్రోటో ఫైల్లోనే (మెసేజ్‌ల రూపం రాసుకునే ఫైలు) ఫీల్డులు కలుపుతూ తీసేస్తూ పోవచ్చా అన్నది ఒకటి. ఎర్రర్లను రెస్పాన్స్‌లో ఒక 'సక్సెస్' ఫీల్డు పెట్టి పంపాలా, జీఆర్‌పీసీ ప్రతి కాల్‌కూ ఇచ్చే స్టేటస్ కోడ్‌తో పంపాలా అన్నది రెండోది. జవాబు ముందే చెప్పేస్తాను: ఫీల్డు కలపడానికి కొత్త వెర్షన్ అక్కర్లేదు, ఉన్న ఫీల్డు అర్థం మారుతుంటే కొత్త ఫీల్డు, మార్పు పెద్దదైతే కొత్త వెర్షన్ కావాలి, తీసేసిన ఫీల్డు నంబరు మళ్లీ వాడకూడదు, ఎర్రర్ స్టేటస్ కోడ్‌లోనే వెళ్లాలి. ఇవన్నీ మేం నష్టపోయి నేర్చుకున్నవి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం రిటైల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పనిచేశాను. సర్వర్ మా చేతిలోనే ఉండేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునేవాళ్లం, కానీ షాపు కౌంటర్లో ఉండే బిల్లింగ్ మెషీన్‌లో యాప్ నెలల తరబడి అప్‌డేట్ అయ్యేది కాదు, ఎందుకంటే పండగ సీజన్లో షాపు వాళ్లు దేన్నీ ముట్టుకోనివ్వరు, సీజన్ అయ్యాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. బిల్లులో ఒక్కో వస్తువుకు ఉండే మెసేజ్‌లో 7వ నంబరు ఫీల్డు, ఒక స్కీం కింద ఇచ్చే అదనపు డిస్కౌంట్, పైసల్లో. స్కీం అయిపోయింది, ఫీల్డు తీసేశాం. పాత యాప్‌కు అక్కడ సున్నా కనిపించేది కాబట్టి ఇబ్బంది రాలేదు. కొన్ని నెలల తర్వాత లాయల్టీ పాయింట్లు వచ్చాయి. టీమ్‌లో ఒకరు 7 ఖాళీగా ఉందని చూసి అందులో పెట్టారు, ఆ మార్పును రివ్యూ చేసి ఒప్పుకున్నది నేను.

ఇక పాత యాప్ ఏం చేసిందో చూడండి. 250 పాయింట్లు వస్తే వాటిని 250 పైసల డిస్కౌంట్ అనుకుని బిల్లులో రెండు రూపాయల యాభై పైసలు తగ్గించింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు, క్రాష్ లేదు. తేడా చిన్నది కాబట్టి కస్టమర్లు అడగలేదు. రాత్రి గల్లాపెట్టె లెక్క కుదరడం లేదని ఒక షాపు నుంచి మూడు రోజులు వరుసగా ఫోన్ వస్తే తప్ప మాకు తెలియలేదు. ఆ మూడు రోజులూ అక్కడి కౌంటర్ కుర్రాణ్ని అనుమానించారట, ఆ మాట విన్నప్పుడు పడ్డ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ప్రోటోబఫ్‌లో (జీఆర్‌పీసీ మెసేజ్‌లను బైట్లుగా మార్చే పద్ధతి) వైరు మీద, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే బైట్లలో, ఫీల్డు పేరు వెళ్లదు, నంబరు మాత్రమే వెళ్తుంది. నంబరును 8తో గుణించి దానికి వైర్ టైపు (విలువ ఏ రకమో చెప్పే అంకె) కలిపితే వచ్చేదే ట్యాగ్. పూర్ణాంకాలకు వైర్ టైపు 0, కాబట్టి డిస్కౌంట్ ట్యాగ్ 56, పాయింట్ల ట్యాగ్ కూడా 56. పాత యాప్ దృష్టిలో అవి రెండూ ఒకటే. అదే 7లో టెక్స్ట్ పెట్టి ఉంటే వైర్ టైపు 2 అయ్యేది, ట్యాగ్ 58 అయ్యేది, పాత యాప్‌లోని పార్సర్ (మెసేజ్ చదివే కోడ్) దాన్ని తెలియని ఫీల్డుగా పక్కన పెట్టేసేది, కనీసం డబ్బు లెక్క తప్పేది కాదు. 1 నుంచి 15 వరకు నంబర్ల ట్యాగ్ ఒక్క బైటులో సరిపోతుంది కాబట్టి అందరికీ చిన్న నంబర్ల మీద ఆశ ఉంటుంది, ఖాళీ అయినది కనిపిస్తే చేయి వెళ్తుంది. దీనికి మందు భాషలోనే ఉంది: తీసేసిన నంబరునూ పేరునూ 'రిజర్వ్‌డ్' అని రాసి పెడితే, రేపు ఎవరైనా వాడబోతే కంపైల్ కాదు. దాంతోపాటు 'బఫ్' టూల్‌లో బ్రేకింగ్ చెక్ ఉంటుంది, పాత ప్రోటోతో పోల్చి చూసి బిల్డ్ ఆపేస్తుంది. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు వాటంతటవే నడిచే ఏర్పాటు) పెట్టడానికి ఒక పూట చాలు, దయచేసి పెట్టండి.

టైపులు మార్చేటప్పుడు కూడా జాగ్రత్త. ఇంట్32ను (32 బిట్ల పూర్ణాంకం) ఇంట్64 చేయొచ్చు, అయితే పాత క్లయింట్ పెద్ద అంకెను కత్తిరించి చదువుతుంది. ఇంట్32ను సింట్32 చేస్తే మాత్రం కొంప మునుగుతుంది, పేర్లు దగ్గరగా ఉన్నా ఎన్‌కోడింగ్ వేరు, ఇటు నుంచి 5 పంపితే అటు మైనస్ 3 అని చదువుతుంది. ఈనమ్‌లో (ముందే రాసిపెట్టిన విలువల్లో ఒకదాన్ని తీసుకునే టైపు) సున్నాను ఎప్పుడూ 'చెప్పలేదు' అనే అర్థానికి వదలండి. అలాగే డిస్కౌంట్ సున్నా అన్నదీ డిస్కౌంట్ అసలు పంపలేదు అన్నదీ మీకు వేర్వేరు సంగతులైతే ఆ ఫీల్డుకు 'ఆప్షనల్' పెట్టండి, ప్రోటోబఫ్ భాష మూడో రూపమైన ప్రోటో3లో మొదట తీసేసిన ఈ మాటను 2021లో 3.15 వెర్షన్‌తో పూర్తిగా తిరిగి తెచ్చారు.

మరి వి2 ఎప్పుడు? దాని గురించి ఆలోచించాల్సింది టూల్ పట్టుకోలేని మార్పు వచ్చినప్పుడు. ఉదాహరణకు 'ధర' ఫీల్డు ఇప్పటిదాకా జీఎస్‌టీ లేకుండా పంపారు, రేపటి నుంచి జీఎస్‌టీ కలిపి పంపుతారు. పేరు అదే, నంబరు అదే, టైపు అదే, బఫ్ నోరెత్తదు, కానీ అవతలివాళ్లు పన్ను మీద పన్ను వేస్తారు. ఇలాంటిది ఒక్క ఫీల్డు అయితే కొత్త నంబరుతో కొత్త ఫీల్డు పెట్టి, కొన్నాళ్లు రెండూ నింపండి. మెసేజ్ సగానికి సగం మారుతుంటే అప్పుడు ప్యాకేజీ పేరులోనే వి2 పెట్టండి. జీఆర్‌పీసీలో కాల్ దారి ప్యాకేజీ, సర్వీసు, మెథడ్ పేర్లతో తయారవుతుంది కాబట్టి ఒకే సర్వర్ వి1నీ వి2నీ పక్కపక్కన నడపగలదు. వి1 కోడ్‌లో అసలు పని ఏమీ ఉంచకండి, వచ్చిన మెసేజ్‌ను వి2 రూపంలోకి మార్చి లోపలికి పంపాలి, అంతే. లేకపోతే ప్రతి బగ్‌నూ రెండు చోట్ల సరిచేస్తారు, ఒకచోట మర్చిపోతారు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1988లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుస) 1057గా వచ్చిన సన్ ఆర్‌పీసీ అనే పాత పద్ధతిలో ప్రతి కాల్‌లోనూ ప్రోగ్రామ్ నంబరు, వెర్షన్ నంబరు, ప్రొసీజర్ నంబరు విడివిడిగా వెళ్లేవి. అడిగిన వెర్షన్ సర్వర్ దగ్గర లేకపోతే, తన దగ్గర ఉన్న అతి తక్కువ వెర్షన్ ఏదో, అతి ఎక్కువ ఏదో జవాబులోనే చెప్పేది. నాకు ఆ పద్ధతి ఇప్పటికీ ఇష్టం, అవతలివాడికి దారి చూపించే ఎర్రర్ అది. మీరు వి1 తీసేసిన రోజు జీఆర్‌పీసీ మీ పాత క్లయింట్‌కు 'అన్‌ఇంప్లిమెంటెడ్', అంటే 12 అని మాత్రమే చెబుతుంది. అందుకే మెథడ్ వారీగా కాల్స్ లెక్క చూసి, వి1 సున్నాకు వచ్చాకే, ఒక నెలాఖరు కూడా దాటాకే తీయండి, కొన్ని జాబ్‌లు నెలకోసారే నడుస్తాయి.

ఇప్పుడు ఎర్రర్లు. మా మొదటి సర్వీసులో మీరు అడిగినట్టే 'సక్సెస్ ఫాల్స్' అని రెస్పాన్స్‌లో పెట్టి పంపేవాళ్లం. ఒక సాయంత్రం డేటాబేస్ పడిపోయి కౌంటర్లన్నీ ఆగిపోయాయి, డ్యాష్‌బోర్డు మాత్రం పచ్చగానే ఉంది. మానిటరింగ్‌కూ ఇంటర్‌సెప్టర్‌కూ (ప్రతి కాల్‌నూ మధ్యలో చూసే కోడ్) రీట్రై పాలసీకీ (విఫలమైన కాల్‌ను మళ్లీ చేసే నియమం) కనిపించేది స్టేటస్ కోడ్ ఒక్కటే, అందులో మేం 'ఓకే' అని పంపుతున్నాం, మరి అవేం చేస్తాయి? ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నాం.

సున్నా నుంచి 16 దాకా మొత్తం 17 కోడ్‌లున్నాయి. ఏది వాడాలో తేల్చుకోవడానికి తప్పు ఎక్కడ జరిగిందని ఆలోచించకండి, ఈ కోడ్ చూసి అవతలివాడు ఇప్పుడేం చేయాలని ఆలోచించండి. అదే కాల్ కాసేపాగి మళ్లీ చేస్తే పని అవుతుందా, అయితే 'అన్‌అవైలబుల్'. డేటా మళ్లీ చదివి మొదటి నుంచి మొదలుపెట్టాలా, అయితే 'అబార్టెడ్', ఇద్దరు ఒకే స్టాకును ఒకేసారి మార్చబోతే వచ్చేది ఇది. ఎన్నిసార్లు చేసినా కాదు, ముందు ఇంకేదో సరిచేయాలి అంటే 'ఫెయిల్డ్ ప్రీకండిషన్', ఉదాహరణకు రోజు లెక్క ముగించేశాక బిల్లు వేయబోతే. జావా, పైథాన్ సర్వర్లలో మీరు పట్టుకోని ఎక్సెప్షన్ 'అన్‌నోన్'గా వెళ్తుంది, దాన్ని చూసి ఎవరూ ఏమీ తేల్చుకోలేరు.

'డెడ్‌లైన్ ఎక్సీడెడ్' గురించి విడిగా చెప్పాలి. దాని అర్థం పని జరగలేదని కాదు, జవాబు సమయానికి రాలేదని మాత్రమే. మేం దాన్ని రీట్రై జాబితాలో పెట్టాం, సర్వర్ నెమ్మదించిన రోజు సప్లయర్‌కు ఒకే ఆర్డర్ రెండుసార్లు వెళ్లింది, సరుకు కూడా రెండు లోడ్లు దిగింది. అప్పటి నుంచి ఏదైనా సృష్టించే ప్రతి కాల్‌లో క్లయింటే తయారుచేసిన రిక్వెస్ట్ ఐడీ ఉంటుంది, దాన్ని ఆర్డర్‌తో కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో డేటాబేస్‌లో రాస్తాం, అదే ఐడీ మళ్లీ వస్తే పాత జవాబే ఇస్తాం. రీట్రై పెట్టేముందు ఇది పెట్టండి.

మీ రెండు ప్రశ్నలూ కలిసే చోటు ఒకటుంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు: ఎర్రర్ కూడా మెసేజే, దానికీ వెర్షన్ సమస్య ఉంటుంది. మా ఎర్రర్ టెక్స్ట్‌లో ఒక ఇంగ్లిష్ మాటకు స్పెల్లింగ్ తప్పుంటే ఒకరు మంచి మనసుతో సరిదిద్దారు, పాత యాప్ స్టాక్ లేదన్న సంగతిని సరిగ్గా ఆ తప్పు స్పెల్లింగ్ వెతికే తెలుసుకునేదని మాకు తెలియదు. మర్నాడు పొద్దున్నుంచి లేని సరుకుకు బిల్లులు. కాబట్టి టెక్స్ట్ మనుషులు చదవడానికే అని మొదటి రోజే చెప్పండి, ప్రోగ్రాములు చదవడానికి 'ఎర్రర్‌ఇన్‌ఫో' అనే ప్రామాణిక మెసేజ్ వాడండి, అందులో 'రీజన్', 'డొమైన్', 'మెటాడేటా' ఫీల్డులుంటాయి. ఒకసారి ఇచ్చిన రీజన్‌ను ఫీల్డు నంబరులాగే చూడండి, మార్చకండి. ఒక కాల్ ఇన్నాళ్లూ 'నాట్ ఫౌండ్' ఇచ్చి రేపు 'పర్మిషన్ డినైడ్' ఇస్తే అది కూడా పాత క్లయింట్‌ను విరగ్గొట్టే మార్పే. ఈ వివరాలు ట్రెయిలర్లలో (జవాబు చివర వెళ్లే అదనపు సమాచారం) వెళ్తాయి, అక్కడ సైజు పరిమితి తక్కువ కాబట్టి స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చెప్పే పొడవాటి జాబితా) అందులో కుక్కకండి.

రెస్పాన్స్‌లోపల ఎర్రర్ పెట్టడం న్యాయమైన సందర్భం నాకు ఒక్కటే కనిపించింది: 50 వస్తువులు ఒకేసారి పంపితే 47 అయి 3 కాకపోవడం. అప్పుడు కాల్‌కు 'ఓకే' ఇచ్చి, ఒక్కో వస్తువుకు విడిగా స్టేటస్ పెట్టండి, అదీ సొంత కోడ్‌లు కనిపెట్టకుండా అవే 17 కోడ్‌లతో.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఈరోజే ప్రోటో ఫైళ్ల గిట్ చరిత్ర తెరిచి ఇప్పటిదాకా తీసేసిన ఫీల్డు నంబర్లన్నీ వెతికి రిజర్వ్‌డ్‌లో రాయండి, వాటిలో ఏదైనా మళ్లీ వాడి ఉంటే ఆ సమయంలో వచ్చిన ఫిర్యాదులు తిరగేయండి. మాకు ఒక్క ఫైల్లోనే 11 దొరికాయి. ఎక్కడైనా ఆగిపోతే ఆ మెసేజ్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.