ఆల్ప్స్ కొండదారికి ఆరు లక్షల అప్పా?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 33 ఏళ్లు, నా భార్యకు 31. ఇద్దరం ఉద్యోగస్తులం, చేతికి వచ్చే జీతాలు కలిపి నెలకు 1,35,000 రూపాయలు. ఇంటి రుణం వాయిదా 38,000, ఇంటి ఖర్చులు 35,000, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు 7,000 పోతాయి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో మదుపు చేసే సిప్‌లలో 15,000 పెడుతున్నాం. బ్యాంకులో 2,10,000 ఉంది. పెళ్లయి అయిదేళ్లు నిండుతున్నందున ఈ సెప్టెంబరులో ఫ్రాన్స్ వెళ్లి, జెనీవా సరస్సు నుంచి నీస్ వరకు ఆల్ప్స్ కొండదారిలో 12 రోజులు కారులో తిరగాలని కోరిక. 8 లక్షలు అవుతుందని అంచనా. 2 లక్షలు మావి, మిగిలిన 6 లక్షలకు బ్యాంకు యాప్‌లో ముందే మంజూరైన వ్యక్తిగత రుణం ఉంది: 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు. మార్చిలో వచ్చే 1.5 లక్షల బోనస్ అందులో జమ చేస్తాం. ఆఫీసు ఆరోగ్య బీమా మా ఇద్దరికీ 5 లక్షలకు ఉంది, అమ్మానాన్నలకు లేదు. ఈ ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. నా అభ్యంతరం ప్రయాణం మీద కాదు. సరస్సు ఒడ్డున ఉన్న తోనోన్ నుంచి మధ్యధరా తీరంలోని నీస్ దాకా సుమారు 700 కిలోమీటర్ల ఆ దారిలో 2,764 మీటర్ల ఎత్తున ఉన్న ఇజెరాన్ కనుమనూ, 2,642 మీటర్ల గాలిబియే కనుమనూ దాటుతూ వెళ్లాలని ఒక జంట కోరుకోవడంలో తప్పు పట్టవలసినదేమీ లేదు. నా అభ్యంతరమంతా మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ‘2 లక్షలు మావి’ అన్న మాట మీదనే. నాకు వచ్చే ఉత్తరాల్లో విహారయాత్ర గురించైనా, కారు గురించైనా, గృహప్రవేశం గురించైనా ఇదే మాట కనిపిస్తుంది కాబట్టి, దీనికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

జీతం వచ్చినా రాకపోయినా ఆపలేని ఖర్చు మీకు నెలకు 80,000 రూపాయలు. ఆ లెక్కన బ్యాంకులో ఉన్న 2,10,000 రెండున్నర నెలల బతుకు తప్ప ప్రయాణానికి దాచిన డబ్బు కాదు. దానిలోంచి 2 లక్షలు తీస్తే మిగిలే 10,000 మీ ఇంటిని నాలుగు రోజులు కూడా నడపలేదు. అరవై దాటిన, బీమా లేని తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నప్పుడు అర్ధరాత్రి వచ్చే ఒక్క ఫోనుకు ఈ 10,000 ఏ మూలకు?

అప్పు ఈ పరిస్థితిని రెండు వైపుల నుంచీ దిగజారుస్తుంది. 6 లక్షలకు 14 శాతం వడ్డీతో 36 నెలల వాయిదా సుమారు 20,500 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 1,38,000. అంతమాత్రమే అయితే ఖరీదైన విహారయాత్ర అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ వాయిదాతో మీ ఆపలేని ఖర్చు 80,000 నుంచి 1,00,500కు పెరుగుతుంది. దానితో ఆరు నెలల ఆపలేని ఖర్చుకు సరిపడా మీ దగ్గర ఉండవలసిన అత్యవసర నిధి 4,80,000 నుంచి 6,03,000కు చేరుతుంది. అంటే ఉన్న నిధిని ఖాళీ చేసిన రోజునే దాని అవసరాన్ని 1,23,000 పెంచుకుంటున్నారన్నమాట. ఇక బోనస్ సంగతి. వచ్చే మార్చిలో వస్తుందనుకుంటున్న డబ్బును ఈ సెప్టెంబరులో ఖర్చు పెట్టడాన్ని నేను ప్రణాళిక అనలేను. పైగా కొన్ని వ్యక్తిగత రుణాల్లో తొలి నెలల్లో ముందస్తు చెల్లింపును అంగీకరించరు, అంగీకరించినా రుసుము వేస్తారు. ఒప్పందంలో ఆ షరతు చదివారా? ‘ముందే మంజూరైంది’ అంటే మీ జీతం చూసి బ్యాంకు తన వడ్డీకి ఢోకా లేదని తేల్చుకున్నదని అర్థం, అంతకు మించి మీ మంచి కోరిందని కాదు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఫ్రాన్స్ వెళ్లడానికి తీసుకోవలసిన షెంగెన్ వీసా కావాలంటే ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా చూపించాలి. యూరోను రమారమి 100 రూపాయలుగా లెక్కేసుకున్నా అది 30 లక్షలు. ఆ దేశంలో ఉండే 12 రోజులకు మీకు అంత రక్షణ ఉండాలని వీసా అధికారి పట్టుబడతాడు, మీరూ మారుమాట లేకుండా కొనుక్కుంటారు. ఏడాదిలో మిగిలిన 353 రోజులూ ఇద్దరికీ కలిపి ఆఫీసు ఇచ్చిన 5 లక్షలతో, అదీ ఉద్యోగం ఉన్నంతవరకే ఉండే దానితో సరిపెట్టుకుంటున్నారు. ఆ అధికారి అడిగిన ప్రశ్నను మీరు మీ ఇంటి విషయంలో ఒక్కసారైనా వేసుకుని ఉంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. ఆఫీసుతో సంబంధం లేని కుటుంబ ఆరోగ్య పాలసీ, వయసును బట్టి ప్రీమియం ఎక్కువైనా తల్లిదండ్రులకు వేరే పాలసీ, ఇంటి రుణం తీరేదాకా ఇద్దరికీ టర్మ్ బీమా, అంటే గడువులోగా మరణిస్తే కుటుంబానికి డబ్బు అందించే జీవిత బీమా, ఈ నెలలోనే మొదలుకావాలి.

కొండదారికి కూడా చేతిలో అదనపు డబ్బు కావాలి, దానిని మీ 8 లక్షల అంచనాలో చేర్చినట్లు లేదు. అద్దె కారు ఇచ్చేవారు డ్రైవరు పేరున ఉన్న క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తాన్ని ధరావతుగా నిలిపివేస్తారు. ఆ మేరకు తిరిగి వచ్చేదాకా కార్డు పరిమితి మీకు అందుబాటులో ఉండదు. కారుకు నష్టం జరిగితే బీమా ఉన్నా తొలి భాగం మీరే భరించాలి, అది 1,000 యూరోలకు పైబడి ఉండటం మామూలే. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం చాలా ఒప్పందాల్లో బీమా పరిధిలోకే రావు, కొండదారుల్లో ముందుగా దెబ్బతినేవీ అవే. వీసా కోసం కొన్న వైద్య బీమా కారు నష్టాన్ని చెల్లించదు. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఎన్నిసార్లు బండి నడిపినవారైనా అక్కడ రోడ్డుకు కుడివైపున, ఎడమ చేతివైపు ఉన్న స్టీరింగుతో హెయిర్‌పిన్ మలుపులు తిప్పడం మొదటి రెండు రోజులు కొత్తగానే ఉంటుంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను బయలుదేరే ముందే మన ఆర్టీఓ కార్యాలయంలో తీసుకోవాలి. గేరు మార్చే పని లేని కారు అడిగితే అద్దె పెరుగుతుంది. ఎత్తైన కనుమలు శీతాకాలమంతా మూసి ఉంటాయి, సెప్టెంబరులో సాధారణంగా తెరిచే ఉన్నా ముందుగా పడిన మంచుకు ఒకటి మూతపడితే చుట్టుదారీ, అదనంగా ఒక రాత్రి బసా తప్పవు. అప్పు డబ్బుతో వెళ్లినవారు అలాంటి చోట గీకేది క్రెడిట్ కార్డునే. ఆ బాకీ గడువులోగా తీర్చకపోతే నెలకు 3, 4 శాతం వడ్డీ పడుతుంది.

బంగారం తాకట్టు గురించి మీరు అడగలేదు, అడగకండి. మ్యూచువల్ ఫండ్లు అమ్మి వెళ్లడం అప్పుకంటే నయమే గాని అవసరం లేదు.

ఎందుకంటే మీ ఉత్తరంలోని అంకెలు కూడితే 95,000 మాత్రమే వస్తున్నాయి. మిగిలిన 40,000 ఎక్కడికి పోతోందో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. మీరు తలకెత్తుకోబోతున్న వాయిదాకు అది దాదాపు రెట్టింపు. వచ్చే నెల జీతం పడిన రోజే ఆ 40,000 వేరే ఖాతాకు మళ్లితే, ఇప్పటికే ఉన్న దానితో కలిపి ఏడు నెలల్లో 4,80,000 నిండుతుంది. ఆ తరువాత తొమ్మిది నెలల పొదుపు 3,60,000, మార్చి బోనస్ 1,50,000, మొత్తం 5,10,000 ప్రయాణానికి సిద్ధంగా ఉంటాయి. అంటే వచ్చే ఏడాది సెప్టెంబరు. అయిదో పెళ్లిరోజుకు బదులు ఆరో పెళ్లిరోజు. పండగలకూ పెళ్లిళ్లకూ రెండు నెలలు పొదుపు తప్పితే ప్రయాణంలో రెండు రోజులు తగ్గించుకోండి, నిధిలోంచి మాత్రం తీయకండి.

ఆ 5 లక్షల్లో మొత్తం దారి పట్టదు. తీసుకున్న చోట కాకుండా వేరే ఊళ్లో కారు అప్పగిస్తే అదనపు రుసుము ఉంటుంది గనుక, నీస్ దాకా పోకుండా ఫ్రాన్స్‌లోనే ఉన్న లియోన్ నగరంలో కారు తీసుకుని, గాలిబియే కనుమ మీదుగా 17వ శతాబ్దపు సైనిక ఇంజనీరు వోబాన్ కోటగోడలున్న బ్రియాన్సోన్ పట్టణం చేరి, ఇజ్వార్ కనుమ చూసి, తిరిగి లియోన్‌లోనే ఇచ్చేస్తే ఏడెనిమిది రోజుల్లో ముగుస్తుంది. 60,000 రూపాయలు దేనికీ కేటాయించకుండా అట్టే పెట్టండి. కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా అని యంత్రం అడిగితే యూరోలనే ఎంచుకోండి.

అత్యవసర నిధి కోసం తెరిచే ఖాతా ఇద్దరి పేరునా, ఎవరో ఒకరు తీసుకోగలిగేలా ఉండాలి. దానికి యూపీఐ జోడించకండి, ఏటీఎం కార్డును బీరువాలో పెట్టండి. ఆ ఖాతాలో 4,80,000 కనిపించేదాకా విమాన టికెట్ల ధరలు చూడటం కూడా మానేయండి. యాప్‌లో మెరుస్తున్న ఆ రుణ ప్రతిపాదనను తీసివేయమని బ్యాంకుకు ఈరోజే రాయండి.