సీసా సంగతి చాలు, పాట సంగతి రాయి

తమ్ముడికి, ఆశీస్సులు.

అమెరికా గాయకుడు, పాటల రచయిత టౌన్స్ వాన్ జాంట్ మీద మార్గరెట్ బ్రౌన్ 2004లో తీసిన డాక్యుమెంటరీ 'బీ హియర్ టు లవ్ మీ' గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీకు వాక్యం వచ్చు, ఆ బెంగ పెట్టుకోకు. శీర్షిక చూడగానే మాత్రం ఒళ్లు మండింది. 'అమెరికా దేవదాసు' ఏమిటయ్యా? దేవదాసు పార్వతి కోసం తాగాడు, ఒక్క పాటా రాయలేదు. టౌన్స్ పాటలు రాశాడు. ఆయన మీద సినిమా తీసింది అందుకే, మనం ఉత్తరాలు రాసుకుంటున్నదీ అందుకే. నీ వ్యాసం నిండా సీసా, సూది, ఆసుపత్రి, చావు. పాట ఎలా ఉంటుందో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడలేదు.

'తన బతుకునే పాటగా మార్చాడు' అని రాశావు. దీన్ని నేను ఒప్పుకోను. 'వెయిటింగ్ అరౌండ్ టు డై' తీసుకో. అది దాదాపు ఆయన తొలి పాట. అయిదు చరణాలు. తల్లిని బెల్టుతో కొట్టే తండ్రి, కొడుకుని మొగుడికి అప్పజెప్పి వెళ్లిపోయే తల్లి, టస్కలూసా బారులో దొరికి జేబు ఖాళీ చేసిపోయే పిల్ల, దోపిడీ, రెండేళ్ల జైలు, చివరికి కోడీన్ అనే మత్తుమందు ఒక్కటే నేస్తం. ఇందులో టౌన్స్ బతుకు ఎక్కడుంది? ఆయన ఫోర్ట్ వర్త్‌లో పుట్టిన కలవారి బిడ్డ. తండ్రి పెద్ద కంపెనీల లాయరు. ఈ పాట కట్టే నాటికి కొత్తగా పెళ్లయింది. హ్యూస్టన్‌లోని ఇంట్లో బట్టల గదిలో కూర్చుని రాశాడు. అంతకుముందే మనోవ్యాధికని చేర్చిన గాల్వెస్టన్ ఆసుపత్రిలో పడ్డ నరకం ఉందిగా అంటావేమో. ఉంది. కానీ ఆ ఆసుపత్రి పాటలో ఎక్కడా లేదు. ఒక మనిషిని కల్పించి, ఊళ్ల పేర్లతో సహా నిలబెట్టాడు. అది పనితనం. బాధ ఎందరికో ఉంటుంది, అయిదు చరణాల్లో ఒక జీవితాన్ని ఇమడ్చడం ఎందరికి చేతనవుతుంది?

కాబట్టి ముందు చెవులకు పని చెప్పు. ఆ పాటే నాలుగు చోట్ల దొరుకుతుంది: 1968 నాటి మొదటి ఆల్బమ్, 1969 నాటి మూడో ఆల్బమ్, 1973 జూలైలో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే బారులో చేసిన లైవ్ రికార్డింగు, 'హార్ట్‌వార్న్ హైవేస్' సినిమా. వరసగా విను. మొదటి దాంట్లో వాద్యాల హోరు గొంతుకు అడ్డం పడుతుంది. అది నచ్చకనే ఆ ఆల్బమ్‌లోని కొన్ని పాటలు మూడో దాంట్లో మళ్లీ పాడాడు. ఓల్డ్ క్వార్టర్‌లో ఒక గిటారు, ఒక గొంతు, అంతే. అక్కడ చేతి పని వినబడుతుంది: బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా లయ నడుపుతుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద మాట సందుల్లో జవాబు చెబుతాయి. హ్యూస్టన్ బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్‌ను విని నేర్చిన పద్ధతి అది. ఇది రాయి. నీ పాఠకుడు ఆ పాట వెతుక్కుని వింటాడు.

బ్రౌన్ సినిమా కనీసం మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఊరికే చూడు. రెండోసారి నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకో: నిమిషం, మాట్లాడుతున్నది ఎవరు, ఆ దృశ్యం ఎప్పటిది. మూడోసారి తెర వైపు చూడకుండా విను. ఈ రెండో పని చెయ్యకే నువ్వు బోల్తా పడ్డావు. బ్రౌన్ సినిమా పూర్తయింది ఆయన పోయిన ఏడేళ్లకు. అందులో స్నేహితులు, భార్యలు, పిల్లలు చెప్పేవి జ్ఞాపకాలు. టౌన్సే కథలు అల్లడంలో ఘనుడు, స్నేహితులూ తక్కువవాళ్లు కారు. నువ్వు వాటన్నిటినీ జరిగిన సంగతుల్లా రాసేశావు. ఒక్కరే చెప్పిన మాటయితే చెప్పిన మనిషి పేరు పెట్టు. ఇద్దరు వేరువేరుగా చెబితేనే నీ మాటగా రాయి.

జేమ్స్ సలాప్‌స్కీ తీసిన 'హార్ట్‌వార్న్ హైవేస్' సంగతి వేరు. 1975-76లో కెమెరా ముందు టౌన్స్ బతికి ఉన్నాడు. ఆస్టిన్‌లో ఆయన ఈ పాటే పాడుతుంటే, గుర్రాలకు నాడాలు కొట్టి బతికిన సేమూర్ వాషింగ్టన్ అనే ఎనభయ్యో పడికి దగ్గరైన కమ్మరి పక్కనే కూర్చుని వింటుంటాడు. వింటూ వింటూ ముసలాయన చెంపల మీద నీళ్లు కారిపోతాయి. ఎవరూ ఏమీ వివరించరు. ఈ దృశ్యాన్ని 'హృదయవిదారకం' అనే ఒక్క మాటతో దాటేశావు. నాకు కోపం వచ్చిన రెండో చోటు అది. అక్కడ కనీసం ఒక పేరా ఆగాలి.

గాల్వెస్టన్ ఆసుపత్రిలో ఇచ్చిన ఇన్సులిన్ సంగతీ అంతే. '1964లో ఇన్సులిన్ చికిత్స చేశారు' అని వదిలేస్తే మనవాళ్లు షుగరు జబ్బనుకుంటారు. అప్పట్లో మనోవ్యాధులకు ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో ఇచ్చి, రక్తంలో చక్కెర పడిపోయి రోగి కోమాలోకి జారేదాకా చూసి, గ్లూకోజుతో తిరిగి లేపేవాళ్లు. అలా వారాల తరబడి. 1930ల్లో వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ మొదలుపెట్టిన పద్ధతి, తర్వాత వైద్యులే మానేశారు. టౌన్స్‌కు చిన్ననాటి జ్ఞాపకాలు చాలామటుకు చెరిగిపోయాయి. ఇంత వివరంగా చెబితే 'పాపం' అనే మాట నువ్వు వాడనక్కర్లేదు.

'అనామకంగా పోయాడు' అన్నదీ కొట్టెయ్. ఆయన రాసిన 'పాంచో అండ్ లెఫ్టీ'ని పేరున్న గాయకులు విల్లీ నెల్సన్, మెర్ల్ హ్యాగర్డ్ 1983లో పాడితే అమెరికా కంట్రీ పాటల చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే పాడినవాళ్లకు కాదు, రాసినవాళ్లకు రాయల్టీ వస్తుంది. కాబట్టి ఆ పాట ఆయనకు డబ్బు తెచ్చిపెట్టింది. తన పేరు తెలియని జనం కూడా తన పాట పాడుకున్న మనిషి ఆయన. అనామకుడనడం కన్నా ఈ వింత ఎంత బాగుందో చూడు.

ఇక నీ వ్యాసం ఎత్తుగడ సంగతి. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న, టౌన్స్ 1997 జనవరి 1న పోయారన్న ముచ్చటతో ఎత్తుకున్నావు. ఈయన మీద రాసే ప్రతివాడూ అక్కడే ఎత్తుకుంటాడు. మన ఆదివారం సంచికల ఎడిటర్లకూ అలాంటివే కావాలి. కళాకారుడి మీద వ్యాసం ఇస్తే వాయిద్యం గురించి రాసిన పేరా కోసేసి, 'చివరి రోజులు ఇంకొంచెం పెంచండి' అంటారు. నా వ్యాసాలు ఎన్నో అలా చెడిపోయాయి. వాళ్ల కోసం ముందే వంగి రాయకు. తుంటి విరిగింది, ఆపరేషనయింది, ఇంటికొచ్చాక గుండె ఆగింది, వయసు యాభై రెండు. చావుకు ఈ నాలుగు ముక్కలు చాలు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ మాట ఇప్పుడెందుకు. ముందు ఆ నాలుగు రికార్డింగులూ విని, ఒకదానికి ఒకటి ఎక్కడ తేడాగా ఉందో రెండు పేజీలు రాసి పంపు. డాక్యుమెంటరీ ఊసు ఆ రెండు పేజీల్లో వద్దు.