తెలిసిన చొక్కా వేసుకురాకు

చిన్నా,

మొన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున వాకింగ్‌లో చూశాను. "బాబాయ్, నాకూ మన ప్రైడ్ నడకకీ మీటింగులకీ రావాలనుంది, కానీ వచ్చి ఏం చెయ్యాలి, ఎవరితో మాట్లాడాలి, ఊరికే నిలబడితే ఏమనుకుంటారో" అంటూ ఒక్క లైన్లో మూడు టెన్షన్లు పెట్టావు. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఊరికే నిలబడటంలో నా అంత అనుభవం ఎవరికీ లేదులే. మొదటిసారి వైజాగ్ బీచ్ రోడ్డులో మనవాళ్ళ నడక, అదే స్వలింగ ప్రేమికులూ ట్రాన్స్ వాళ్ళూ జెండా పట్టుకుని బయటికొచ్చి నడిచేది, ఉందని తెలిసి, అమ్మకి కూరగాయలని చెప్పి, చేతిలో ఖాళీ సంచీతో కాళీమాత గుడి దగ్గరికి వచ్చాను. రోడ్డుకి ఇవతలి పక్క నిలబడి మురీ మిక్చర్ కొన్నాను. తింటూ నిలబడ్డవాణ్ణి ఎవరూ అనుమానించరని నా లెక్క. అవతల వాళ్ళింకా బ్యానర్‌కి తాళ్ళు కట్టుకుంటున్నారు, నా పొట్లం అయిపోయింది, ఇంకోటి కొన్నాను. మూడో పొట్లం కట్టిస్తూ బండబ్బాయి "ఎవరికోసమండి చూస్తన్నారు?" అన్నాడు. అంతే, ఆటో ఎక్కేశాను. అప్పటికి నాకు యాభై దగ్గరపడుతోంది, స్వలింగ సంబంధాల్ని నేరమనే సెక్షన్ 377 భయం పోయి కూడా కొన్నాళ్ళైంది (2018 సెప్టెంబరు 6, ఆ రోజు ఆఫీసు క్యాంటీన్‌లో టీవీ ముందు నేను టీ మీద టీ తాగాను), అయినా కాలు రోడ్డు దాటలేదు. సంచీ నిండా ఏం కొనకుండా ఇంటికి వెళ్తే అమ్మ అడుగుతుందని మధ్యలో దిగి బెండకాయలు కొన్నాను.

రెండోసారి మాత్రం ఒకావిడ నన్ను చూసి, ఎవరు ఏమిటని అడక్కుండా, "బాబాయ్, ఈ వాటర్ కేసు అటు చివర పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. ఆ తర్వాత గ్లాసులు పంచాను, తర్వాత ఖాళీ గ్లాసులు ఏరాను, సాయంత్రానికి ముగ్గురి పేర్లు తెలిశాయి. చేతిలో పనుంటే ఎవరూ నిన్ను "నువ్వెవరు" అనరు, నీకు కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది. కాబట్టి వచ్చాక నీ గురించి చెప్పుకోవాలని కంగారు పడకు, "ఏమైనా పనుందా?" అని అడుగు, చాలు.

పనికేం కొదవ లేదు. నడక అంటే జనానికి కనపడేది గంటన్నర, దాని వెనక నెల రోజుల తిరుగుడుంటుంది. సిటీ పోలీస్ కమిషనర్ గారికి అర్జీ పెట్టాలి, అందులో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఎన్నింటికి, ఎంతమంది, బాధ్యులెవరు, వాళ్ళ ఫోన్ నంబర్లు, అన్నీ ఉండాలి, మైకు సంగతి విడిగా రాయాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేది ఇంట్లో అందరికీ తెలిసిపోయినవాళ్ళు. నువ్వు పెట్టొద్దు. పెట్టలేకపోయానని బాధపడొద్దు కూడా. కానీ అర్జీ టైపు చెయ్యడానికి నీ పేరు బయటికి రానక్కర్లేదు కదా, పీజీలో మంచం మీద కూర్చుని చేసిపెట్టొచ్చు.

మన ఇంద్రధనుస్సు జెండా కుట్టించే పని ఒకసారి నాకు పడింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఆరు రంగుల లైనింగ్ గుడ్డ కొందామని పోతే ఊదా రంగు అయిపోయింది, వంకాయ రంగుతో సరిపెట్టుకున్నాను. టైలర్ అన్నీ వరసగా పరిచి చూసి "ఏటి బాబూ, ఏ పార్టీదిది, కొత్తగా పెట్టారా?" అన్నాడు. "ఇంకా రిజిస్టర్ అవ్వలేదండి" అన్నాను. మనవాళ్ళలో ఒకడు వంకాయ రంగేమిటని గునిశాడు కానీ, 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ మొదట చేసిన జెండాకి ఎనిమిది రంగులు, తర్వాత ముదురు గులాబీ గుడ్డ కావలసినంత దొరక్క ఆ రంగే తీసేశారు. గుడ్డల కొట్లో స్టాకు బట్టి జెండా మారడం మనతో మొదలవ్వలేదు. అలాగే జనం తక్కువగా వచ్చారని మొహం చిన్నబుచ్చుకోకు, 1999 జులై 2న కోల్‌కతాలో ఈ దేశంలోనే మొదటిసారి నడిచినప్పుడు ఉన్నది పదిహేను మంది.

ఇప్పుడు అసలైన జాగ్రత్తలు. చందా ఇవ్వాలనుకుంటే యూపీఐలో కొట్టకు, అవతలివాళ్ళకి బ్యాంకులో ఉన్న నీ పూర్తి పేరు ఇంటిపేరుతో సహా కనపడుతుంది. నోటు ఇచ్చెయ్, లెక్క రాసేవాళ్ళు "ఒక మిత్రుడు" అని రాసుకుంటారు. వాట్సాప్ గ్రూపులో చేరితే నీ నంబరు గ్రూపులో అందరికీ తెలుస్తుంది, డీపీలో నువ్వూ మీ చెల్లీ ఉన్న ఫొటో తీసేసి చేరు. ఫొటోలంటావా, ఫొటో వద్దనుకునేవాళ్ళ మణికట్టుకి మేం ఎర్ర రిబ్బన్ కడతాం, రిబ్బన్ ఉన్నవాళ్ళని తియ్యకూడదని మా కట్టడి, మనవాళ్ళు పాటిస్తారు. కానీ రోడ్డు మీద పోయేవాళ్ళకీ, మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చే వాళ్ళకీ ఆ రిబ్బన్ అర్థం తెలీదు, కాబట్టి భయంగా ఉంటే మొదటి రెండుసార్లు రోడ్డెక్కొద్దు, గదిలో జరిగే మీటింగులకే రా. డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడు రాత్రిపూట రుషికొండ అవతలికి రమ్మంటే మాత్రం వెళ్ళకు. అలా వెళ్ళి ఫోనూ డబ్బూ పోగొట్టుకుని, ఇంట్లో చెప్తామని బెదిరిస్తే మళ్ళీ మళ్ళీ పంపినవాళ్ళు నాకు తెలుసు. నీకెప్పుడైనా అలాంటిది జరిగితే సిగ్గుపడి ఊరుకోకు, 112 ఉంది, డబ్బు ఆన్‌లైన్లో పోతే 1930 ఉంది, నేనున్నాను.

ఇంకో సంగతి, నీకు కొంచెం కోపం రావచ్చు. నీలాంటి ఐటీ పిల్లలు వస్తే మీటింగు పది నిమిషాల్లో ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. వెనక వరసలో కూర్చున్న ట్రాన్స్ మహిళలు, ఈ ఊళ్ళో నీకంటే ఇరవై ఏళ్ళ ముందు నుంచీ దెబ్బలు తిని నిలబడ్డవాళ్ళు, నోరు మూసుకుని ఫోన్లు చూసుకుంటారు. తెలుగులో మాట్లాడు. ఎవరిని ఎలా పిలవాలో తెలీకపోతే అడిగెయ్, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అంటే ఎవరూ కొట్టరు. మన భాషలో "నేను", "నువ్వు" దగ్గర ఆడా మగా గొడవ లేదు, చిక్కంతా "వచ్చాడు", "వచ్చింది" దగ్గరే, మాట చివర ఒక్క అక్షరం జారితే ఎదుటి మనిషి మొహం మాడిపోతుంది. అందుకే తెలిసేదాకా అందరినీ "వచ్చారు", "అన్నారు" అను. నేను నా కంటే చిన్నవాళ్ళని కూడా అలాగే అంటాను, నిన్ను తప్ప.

వాళ్ళకి నీతో పని కూడా ఉంది. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం వచ్చాక కలెక్టర్ ఇచ్చే గుర్తింపు కార్డుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, ఆధార్లో ఒక పేరు, మనిషికి ఇంకో పేరు, స్కాన్ చేసిన కాగితం సైజు ఎక్కువైందని వెనక్కి కొడుతుంది, వాళ్ళు నెట్ సెంటర్ చుట్టూ తిరుగుతారు. రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ పింఛను 2024 జులై నుంచి నెలకి 4,000 అయింది, కాగితాలు సరిగ్గా లేక అది అందనివాళ్ళు మన మధ్యే ఉన్నారు. నెలకో ఆదివారం లాప్‌టాప్ పట్టుకొచ్చి రెండు గంటలు కూర్చుంటే, నా దృష్టిలో అది పది నడకల పెట్టు.

జెండా లేని కార్యక్రమాలకి కూడా రా. నాకైతే అవే ఎక్కువ ఇష్టం. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు, అదే ఆషాఢ చతుర్దశికి, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు కదా, దారి పొడుగునా ఎవరో ఒకరు పులిహోరో అరటిపళ్ళో పెడుతూనే ఉంటారు. ఓ ఏడాది ఇసుకతోట దాటాక మేమూ మజ్జిగ పెట్టాం. బ్యానర్ లేదు, ఏమీ లేదు. రాత్రి పదింటికి అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెప్పుల్లేని కాళ్ళతో వచ్చి మా బల్ల పక్కన కూలబడిపోయింది. మాలో ట్రాన్స్ మహిళలకి పెద్దగురువుగారు ఒకరు ఆవిడకి మజ్జిగ తాగించి, కింద కూర్చుని పాదాలకి బామ్ రాశారు. ఆవిడ కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి, దీవించమ్మా అని తల వంచింది. గురువుగారు నోటు తీసుకోలేదు. "కాళ్ళు పట్టుకున్నది నేను, దీవెన నువ్వివ్వాలమ్మా" అన్నారు. ఆవిడ బామ్ వాసన వస్తున్న ఆ చేతులు రెండూ పట్టుకుని కాసేపు వదల్లేదు. నేను మజ్జిగలో ఉప్పు ఎక్కువైందేమో చూడ్డానికి అన్నట్టు అటు తిరిగాను.

అన్నీ ఇలా అవుతాయనుకోకు. ఒకసారి డిసెంబరు 1కి, అదే ఎయిడ్స్ దినానికి, రక్తదాన శిబిరం పెడదామని ఉత్సాహంగా ఒక బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాం. 2017లో వచ్చిన రక్తదాతల నిబంధనల్లో ట్రాన్స్‌జెండర్లనీ, మగవాళ్ళతో సంబంధమున్న మగవాళ్ళనీ రక్తం ఇవ్వకూడదని పక్కన పెట్టేశారు. దాని మీద సుప్రీంకోర్టుకి కూడా వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి పాపం రూలు వేలితో చూపించి తలొంచుకుంది. తిరుగు ఆటోలో ఎవరం మాట్లాడలేదు. ఇలాంటి రోజు నీకూ వస్తుంది, అప్పుడు ఒక్కడివే పీజీకి పోకు, ఎవరో ఒకరితో కూర్చుని టీ తాగి వెళ్ళు.

ఇంట్లో తెలిసిపోతే ఎలా అన్నావు. నాకు ఎలా తెలిసిపోయిందో చెప్తాను. మూడో నడకకి నేను చాలా తెలివిగా అందరి వెనక, మొహం సముద్రం వైపు తిప్పుకుని నడిచాను. మర్నాడు ఒక పేపర్ జిల్లా పేజీలో ఫొటో వేశారు, నా వీపు మాత్రమే పడింది. విజయనగరం నుంచి అక్క ఫోన్ చేసింది. ఆ చొక్కా సంక్రాంతికి అక్క కొనిపెట్టినది, నీలం మీద సన్న గళ్ళు. నా గుండె గొంతులోకి వచ్చింది. అక్క ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "వెనకాల భుజం దగ్గర కుట్టు విడిపోయింది, చూసుకోలేదేంట్రా?" అంది. తర్వాతి పండక్కి వెళ్ళినప్పుడు చొక్కా అడిగి తీసుకుని కుట్టి ఇచ్చింది. అంతకు మించి ఈ రోజుకీ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు, కానీ నడక ముందు రోజు ఫోన్ చేసి ఎండ ఎక్కువుందట టోపీ పెట్టుకో అంటుంది. మీ ఇంట్లో ఇలాగే జరుగుతుందని నేను మాటివ్వలేను. రాజాంలో మీ నాన్న సంగతి నీకే తెలుసు.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి ఫోన్ చెయ్, నేనే వచ్చి తీసుకెళ్తాను. చార్టులకి స్కెచ్ పెన్నులు నీ వంతు. వేసుకునేది పాతదైనా పర్లేదు గానీ, వీపు మీద మీ కంపెనీ పేరున్న టీషర్ట్ మాత్రం వేసుకురాకు, మెళ్ళో ఆ ఐడీ కార్డు కూడా తీసేసి రా.

మీ బాబాయ్