కార్పెట్ తీసి హార్డ్‌వుడ్ వేయించే ముందు గదులు ఖాళీ చేస్తే చాలా?

న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం, కింది అంతస్తులో కార్పెట్ తీసేసి హార్డ్‌వుడ్ వేయిస్తున్నాం, గదులు ఖాళీ చేసి పెడితే చాలని కాంట్రాక్టర్ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. చాలదండీ. మేమూ ఇదే రాష్ట్రంలో, బేస్‌మెంట్ ఉన్న పాత ఇంట్లో, ముప్పావు అంగుళం మందం ఓక్ వేయించాం. సామాను సర్దడం విసుగు పనే గానీ దాన్ని ఎవరైనా చేస్తారు. పట్టించుకోవాల్సింది తేమని.

గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఇక్కడ ఆగస్టులో ఒకటే ఉక్కపోత, జనవరిలో హీటర్ వేస్తే పెదాలు పగిలేంత పొడి. చెమ్మగా ఉన్నప్పుడు బిగించిన పలకల మధ్య చలికాలంలో సందులు పడతాయి. మరీ పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే వేసవిలో ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. అందుకే చెక్క రాకముందు నుంచే ఏసీ అయినా హీటర్ అయినా, మీరు కాపురం ఉంటే ఎలా నడుస్తుందో అలా నడవాలి. ఇంట్లో ఎవరూ లేరు కదా అని బిల్లుకి భయపడి ఆపేయకండి. హ్యుమిడిటీ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, చూసుకోవడానికి చిన్న మీటరు కొనుక్కోండి. బేస్‌మెంట్ చెమ్మగా ఉంటే ముందు అక్కడ గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ పెట్టండి. మీ ఫ్లోరుకి కింది వైపు తగిలేది ఆ గాలే.

చెక్క పెట్టెలు తెచ్చినవాళ్లు గరాజ్‌లో దించేసి పోతామంటారు. మా దగ్గరా అదే పాట. మేం ఒప్పుకోలేదు, చెక్క ఆ గాలికి అలవాటు పడాలని వేయబోయే గదిలోకే మోయించాం. ఎన్ని రోజులు అలా ఉంచాలి అంటే, రోజుల లెక్క కంటే చెక్కలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ మాటే వినాలి. కార్పెట్ కింద ఉండే, ఈ చెక్కని బిగించే ప్లైవుడ్‌లో తేమ 12 శాతం దాటకూడదు. పలక వెడల్పు 3 అంగుళాల లోపు అయితే ప్లైవుడ్‌కీ చెక్కకీ తేడా 4 శాతం మించకూడదు, 3 అంగుళాలూ ఆ పైన అయితే 2 శాతం. మేకు కొట్టే ముందు మీ ఎదుటే కొలవమనండి, ఫోటో తీసి పెట్టుకోండి. రేపు వారంటీ గొడవ వస్తే అవే అడుగుతారు.

కార్పెట్ మీరే తీస్తే కాస్త డబ్బు మిగులుతుంది. పట్టీలుగా కోసి చుట్టి బయట పడేయడం తేలికే, ప్యాడింగ్ కింద స్టేపుల్స్ పీకేటప్పుడే నడుం విరుగుతుంది. గోడల వెంబడి మేకుల పట్టీలుంటాయి, మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. అంతా తీశాక ప్లైవుడ్ మీద మూలమూలా నడవండి. కిర్రుమన్న చోటల్లా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, కింది దూలంలోకి దిగేలా స్క్రూలు వేయించండి. పైన చెక్క పడ్డాక ఆ చప్పుడు పోగొట్టడం చాలా కష్టం. ఎత్తుపల్లాలు కూడా అప్పుడే బయటపడతాయి. మేకులతో బిగించే చెక్కకి పది అడుగుల పొడవులో పావు అంగుళం కంటే తేడా ఉండకూడదు. మా హాలు మధ్యలో పల్లం తేలింది, సరిచేయడానికి అదనంగా డబ్బు అడిగారు. ఆ రేటు ముందే కాంట్రాక్టులో రాయించుకోండి.

1980కి ముందు కట్టిన ఇల్లయి, కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు పాత టైల్స్ కనిపిస్తే చేయి పెట్టకండి. వాటిలో, పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే ముందుకెళ్లండి.

వంటగదిలో కూడా వేయిస్తుంటే డిష్‌వాషర్ ముందు భాగంలో ఫ్లోరు ఎత్తు పెరుగుతుంది. రిపేరుకి బయటికి లాగలేక అది కౌంటర్ కింద ఇరుక్కుంటుంది, కాబట్టి దాని కిందా ఎత్తు కలపమనండి. తలుపుల అడుగు కోయడం ఎవరి పనో ముందే అడగండి.

సాండింగ్ (చెక్కని రుద్ది నున్నగా చేయడం), పాలిష్ ఇంట్లోనే చేయిస్తున్నారా? అయితే దుమ్ము పడకుండా బియ్యం, పప్పులు పై అంతస్తుకి చేర్చండి, ఏసీ, హీటర్ గాలి వచ్చే వెంట్లు ప్లాస్టిక్‌తో మూయించండి. ఆయిల్ ఫినిష్ వాసన ఉన్నంతకాలం ఇంట్లో నిప్పు కూడదు. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు, దీపం మానడం కుదరదన్నారు. అది ఆరేదాకా ఆవిడని మా ఆడపడుచు వాళ్లింటికి పంపాల్సి వచ్చింది, దేవుడి మందిరంతో సహా!

మీ ఇంటికి బేస్‌మెంట్ ఉందో, నేరుగా కాంక్రీట్ స్లాబ్ మీద కట్టారో రాయలేదు. స్లాబ్ అయితే ఈ ప్లైవుడ్ లెక్కలు పనికిరావు. కాంక్రీట్‌కి వేరే తేమ పరీక్ష ఉంటుంది, చెక్క కూడా సాలిడ్ (ఒకే ముక్క చెక్క) బదులు, పొరలు అతికించి చేసే ఇంజినీర్డ్ తీసుకోవడం మేలు. రెండింట్లో ఏదో చెప్పండి.