విండోస్‌లో జీవిమ్: లినక్స్ నుంచి వచ్చినవాళ్లకి ఎక్కడ తేడా కొడుతుంది

విండోస్‌లో జీవిమ్ (విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని సొంత విండోలో తెరిచే రూపం) వేసుకుని, ఇన్‌స్టాలర్ పెట్టిన అండర్‌స్కోర్ విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగ్స్ ఫైల్ కింద మీ పాత లినక్స్ సెట్టింగ్స్ అతికించారని, అవి పనిచేస్తున్నా ప్లగిన్లు (విమ్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు) మాత్రం రావట్లేదని, కంట్రోల్ వీ కొడితే నిలువు సెలక్షన్ బదులు పేస్ట్ అయిపోతోందని రాశారు. విండోస్‌కి ఇచ్చింది సగం విమ్మేనా అని కూడా అడిగారు. కాదండీ, పూర్తి విమ్మే. నేనూ ఎనిమిదేళ్లు ఉబుంటు లినక్స్ మీద పనిచేసి, కంపెనీ మారాక విండోస్ ల్యాప్‌టాప్ చేతిలో పెడితే మొదటి వారమంతా ఇలాగే తల పట్టుకున్నాను. అసలు మనం లినక్స్‌లో వాడేది కూడా పోర్టే, అంటే వేరే సిస్టమ్ నుంచి మార్చి తెచ్చిందే, బ్రామ్ మూలెనార్ విమ్‌ని అమిగా కంప్యూటర్ మీద రాసి 1991లో విడుదల చేశారు, యూనిక్స్‌కి వచ్చింది 1992లో. ఎడిటర్ లోపల తేడా చాలా తక్కువ, పేచీ అంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే.

ప్లగిన్ల సంగతి ముందు చూద్దాం. హోమ్ ఫోల్డర్లో డాట్ విమ్ అనే ఫోల్డర్ని విండోస్ విమ్ అసలు పట్టించుకోదు, దానికి కావాల్సిన పేరు విమ్‌ఫైల్స్. ఫోల్డర్ పేరు మార్చేస్తే సరిపోతుంది. రెండు సిస్టమ్‌లకీ ఒకే గిట్ రిపో (సెట్టింగ్స్ ఫైళ్లు దాచుకునే చోటు) వాడాలంటే మాత్రం కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేలింక్‌కి స్లాష్ జే ఇచ్చి, విమ్‌ఫైల్స్ అనే పేరుతో డాట్ విమ్‌నే చూపించే జంక్షన్ పెట్టుకోండి, దానికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇదే పెద్ద సుఖం.

కంట్రోల్ వీకి కారణం ఇన్‌స్టాలర్ పెట్టిన ఆ అండర్‌స్కోర్ విమ్‌ఆర్‌సీలోనే ఉంది, కీలని విండోస్ పద్ధతికి మార్చే ఎంఎస్‌విన్ అనే స్క్రిప్టుని పిలిచే లైను. అది తీసేయండి. తీసే వీలు లేకపోతే కంట్రోల్ క్యూ కొట్టండి, అదే నిలువు సెలక్షన్. ఫాంట్ రాసే పద్ధతి కూడా వేరు, లినక్స్‌లో పేరు తర్వాత ఖాళీ వదిలి సైజు రాస్తాం, ఇక్కడ కోలన్ పెట్టి హెచ్12 అనాలి. విండోస్‌కి మాత్రమే వర్తించాల్సిన ఇలాంటివన్నీ విన్32 ఉందా అని అడిగే ఇఫ్ లోపల పెట్టుకోండి, 64 బిట్ విండోస్‌లో కూడా ఆ కండిషన్ నిజమే అవుతుంది.

నన్ను నిజంగా ఏడిపించింది లైన్ ఎండింగ్స్, అంటే ప్రతి లైను చివరా కనిపించకుండా ఉండే గుర్తులు. సర్వర్లో రాత్రిపూట డేటాబేస్ బ్యాకప్ తీసే చిన్న షెల్ స్క్రిప్టు జీవిమ్‌లో కొత్తగా రాసి, ఎస్‌సీపీతో సర్వర్‌కి పంపి, చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దున చూస్తే బ్యాకప్ లేదు, లాగ్‌లో బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్, నో సచ్ ఫైల్ అని ఒకే ఒక్క లైను. స్క్రిప్టుని నడిపే ఇంటర్‌ప్రెటర్ బ్యాష్ ఉండాల్సిన చోటే ఉంది, పర్మిషన్లు సరిగ్గానే ఉన్నాయి, పాత్ అక్షరం అక్షరం చదివినా తప్పు కనిపించదు. గంటన్నర గడిచాక ఫైల్లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్‌కి క్యాపిటల్ ఏ ఇచ్చి చూస్తే ప్రతి లైను చివరా, డాలర్ గుర్తుకి ముందు, టోపీ గుర్తూ ఎమ్మూ కూర్చుని ఉన్నాయి. మొదటి లైనులో ఆ కనిపించని అక్షరంతో సహా ఇంటర్‌ప్రెటర్ పేరు అనుకుని లినక్స్ వెతుకుతోంది, అలాంటి ఫైలు ఎక్కడుంటుంది! విండోస్ విమ్‌లో కొత్త ఫైలు మామూలుగా డాస్ ఫార్మాట్‌లోనే, అంటే లైను చివర ఆ అదనపు అక్షరంతోనే, పుడుతుంది. అందుకే ఫైల్‌ఫార్మాట్స్ ఆప్షన్‌లో యూనిక్స్‌ని ముందు, డాస్‌ని తర్వాత రాయండి. ఇప్పటికే సేవ్ చేసిన ఫైళ్లకి సెట్ ఎఫ్ఎఫ్ ఈక్వల్ టు యూనిక్స్ అని మళ్లీ సేవ్ చేస్తే చాలు. స్టేటస్ లైన్లో ఫైల్ ఫార్మాట్ ఎప్పుడూ కనపడేలా పెట్టుకోండి, నేను ఆ రోజు నుంచీ అది లేకుండా ఒక్క మెషీన్‌లో కూడా పనిచేయలేదు.

ఇక పైథాన్ మీద నడిచే ప్లగిన్లుంటే విమ్, పైథాన్ రెండూ 64 బిట్టో రెండూ 32 బిట్టో అయి ఉండాలి, ఒకటి అటూ ఒకటి ఇటూ అయితే లోడ్ కాదు. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ విండోస్‌తో రాదు, దాని బదులు విమ్ విండోస్‌లోని ఫైండ్‌స్ట్ర్ వాడుతుంది, గిట్ ఫర్ విండోస్ వేసుకుంటే అసలు గ్రెప్ కూడా దాంతోపాటే వస్తుంది. ఫోల్డర్ల నిండా టిల్డే తోక ఉన్న ఫైళ్లు కనపడితే కంగారు పడకండి, అవి ఎక్కువగా బ్యాకప్‌లే, బ్యాకప్‌డిర్ ఆప్షన్‌కి వేరే ఫోల్డర్ చూపించండి.

సెట్టింగ్‌తో నేను బాగు చేసుకోలేకపోయింది తెలుగు ఒక్కటే. విమ్ ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పున్న గడిలో కూర్చోబెడుతుంది, దాంతో స్త్రీ అని రాస్తే నా స్క్రీన్ మీద స్, త్, రీ అని విడివిడిగా పరుచుకుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉంటే ఫైలు మాత్రం భద్రంగానే ఉంటుంది, అదే ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వత్తులన్నీ సరిగ్గా కనిపించాయి. కోడ్ మధ్యలో ఒకటీ అరా తెలుగు కామెంట్ అయితే ఓర్చుకోవచ్చు, పేజీలకి పేజీలు తెలుగు రాయాలంటే వేరే ఎడిటర్ పెట్టుకోండి. ఇవన్నీ చేశాక కూడా ప్లగిన్లు రాకపోతే కోలన్ వర్షన్ కొట్టి వచ్చిందంతా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.